ఇద్దరు మంగతాయార్లు

తాను మెంతినీళ్ళు తాగుతుంటే ప్రభుత్వం వచ్చి ఎదురుగా సోఫాలో కూర్చుంటుందని, గుప్పెడు మెంతులు నానబోసిన సాయంత్రం మంగతాయారు కలలో కూడా అనుకోలేదు.

ఆ మాటకొస్తే అంతకుముందు ఆవిడ తాగనిది లేదు. బూడిదగుమ్మడికాయ రసం తాగింది. గోధుమగడ్డి కుండీలో పెంచి మరీ తాగింది. ఒక నెల ఉప్పు మానేసింది. ఉప్పు మానేస్తే నీరసం వస్తుందని మరోచోట చదివి, పై నెలలో మానేసినదంతా కలిపి వేసుకుంది. వెనక్కి నడిస్తే మోకాళ్ళు బాగుపడతాయని ఫోనులో ఎవరో చెబితే డాబా మీద వెనక్కి నడిచి నీళ్ళ ట్యాంకుకి గుద్దుకుంది. బడిలో చదివింది తక్కువే గాని, ఆ తర్వాత తనంతట తానే చదవడం మరిగి, ఆరోగ్యం పేరుతో అచ్చయిన ప్రతి ముక్కా కత్తిరించి దాచేది. ఆ ముక్కల్లో ఒకదానికొకటి పొసగదు. ఆవిడకి అదే ధైర్యం. ఏ భయానికైనా ఏదో ఒక ముక్కలో విరుగుడు దొరికేది.

కాకినాడలో ఒక పాత అపార్టుమెంటు మేడ మీది వాటాలో ఆవిడా, తోడికోడలు వీరవేణీ కాపురముండేవారు. అన్నదమ్ములిద్దరూ ముందూ వెనకా కాలం చేశాక మిగిలింది వీళ్ళిద్దరే. మంగతాయారు ఏ ప్రయోగం మొదలుపెట్టినా ఇద్దరి మీదా ఒకేసారి చేసేది. పెద్ద గ్లాసులోది రెండు చిన్న గ్లాసుల్లోకి వంచి, వెలుతురుకి ఎత్తి చూసి, ఎక్కువున్న దాంట్లోంచి తక్కువున్న దాంట్లోకి బొట్టుబొట్టుగా సర్దేది.

"మోకాళ్ళు నీవి కదక్కా నొప్పి. నాకెందుకు ఈ చేదు?" అనేది వీరవేణి.

"నోర్మూసుకుని తాగవే. మేలు జరిగితే ఇద్దరికీ జరుగుతుంది. కీడు జరిగితే ఇద్దరం ఒకే ఆటోలో పోతాం ఆసుపత్రికి."

ఇది ఆవిడ సిద్ధాంతం. ఎవర్నీ సాగనంపడం ఆవిడ వల్ల కాదు. చుట్టాలు చెప్పులేసుకుంటుంటే వంటింట్లోకి పోయి పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు హడావిడి పడేది. భర్తని అంబులెన్సు ఎక్కిస్తున్నప్పుడు ఆయన కళ్ళజోడు తెద్దామని లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి గుమ్మం ముందు బండి లేదు. వెళ్ళిరండి అన్న మాట కళ్ళజోడుతో పాటు ఆవిడ దగ్గరే ఉండిపోయింది. ఇక తన ఇంట్లోంచి ఎవరూ విడిగా వెళ్ళడానికి వీల్లేదని ఆనాడే నిశ్చయించుకుంది.

ఆ రోజుల్లో ఇది ఒక్క మంగతాయారు జబ్బు కాదు. రాష్ట్రమంతా ఇళ్ళల్లో అదే పని. మధ్యాహ్నం దాటాక తినని ఒక పెద్దమనిషీ, మధ్యాహ్నం దాటేదాకా తినని మరో పెద్దమనిషీ ఒకే ఆసుపత్రిలో పక్కపక్క మంచాల మీద చేరి, సెలైను పెట్టించుకుంటూ కూడా వాదించుకున్నారు. ప్రభుత్వం ఆలోచించింది. నిషేధిస్తే జనానికి కోపం వస్తుంది. వదిలేస్తే మంచాలు చాలవు. కాబట్టి ఎవరి ప్రయోగం వాళ్ళు చేసుకోవచ్చుగాని శాస్త్రీయంగా చేసుకోవాలని తీర్మానించి, స్వీయదేహ ప్రయోగ మండలి అని ఒకదాన్ని నెలకొల్పింది. రుచి కోసం తిన్నది తిండి, ఆరోగ్యం కోసం తిన్నది ప్రయోగం అన్నది మండలి మొదటి సూత్రం. తిండికి అనుమతి అక్కర్లేదు. ఆ ప్రకారం బుట్టెడు కాజాలు ఎవరైనా నిర్భయంగా తినవచ్చు. పచ్చి క్యారెట్ కొరకాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి.

ఈ సూత్రాన్ని చేతబట్టుకుని ఒక ఉదయం మండలి పర్యవేక్షణాధికారి అనంతపద్మనాభం మేడ మెట్లెక్కి వచ్చాడు. మెడలో గుర్తింపు పత్రం, మొహాన దేశసేవ. బల్ల మీది మెంతినీళ్ళు చూసి, అడక్కుండానే కూర్చున్నాడు.

"ఇందలి పరిశోధకులు ఎవరు?"

"నేనేనండి" అంది మంగతాయారు.

"ప్రయోగము ఎవరి దేహముపై?"

"నా మీదేనండి."

ఆయన పెదవి విరిచాడు. "అటువంటప్పుడు సదరు దేహము యొక్క అంగీకారం తీసుకున్నారా?"

"అదీ నేనే కదండీ."

"అక్కడే ఉన్నది ప్రమాదం. దగ్గరివాళ్ళను మొహమాటపెట్టి ఒప్పించడం ఈ రంగంలో మెండుగా ఉన్నదమ్మా. పరిశోధకురాలు వేరు, పరిశోధితురాలు వేరు. మండలి దృష్టిలో తమరు ఇద్దరు."

అంగీకారం తీసుకునే పద్ధతి కూడా ఆయనే వివరించాడు. పరిశోధకురాలు పరిశోధితురాలికి ప్రయోగంలోని కష్టనష్టాలన్నీ నోటితో చెప్పాలి. ఒత్తిడి చేయకూడదు. ఆశ చూపకూడదు. సాక్షి ఉండాలి. మంగతాయారు బీరువా అద్దం ముందు నిలబడింది. వీరవేణి సాక్షిగా మంచం మీద కూర్చుంది.

"చూడమ్మా" అంది మంగతాయారు అద్దంలో మనిషితో. "ఇవి మెంతినీళ్ళు. చేదుగా ఉంటాయి. కడుపులో గడబిడ చెయ్యొచ్చు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానెయ్యొచ్చు. నిన్నెవరూ ఏమీ అనరు." అద్దంలో మనిషి బిక్కమొహం వేసేసరికి ఆవిడకి జాలేసింది. "భయపడకు తల్లీ, ఏదైనా అయితే నేనున్నాను."

"పరిశోధకురాలు హామీలు ఇవ్వరాదు" అన్నాడు అనంతపద్మనాభం గుమ్మంలోంచి.

"ఇంతకీ ఆవిడ ఒప్పుకుందా అక్కా?" అంది వీరవేణి.

"తల ఊపిందే."

"నేను చూశాను. నువ్వు ఊపాకే ఊపింది. నీ మాట కాదనలేక ఒప్పుకుంది పాపం."

అనంతపద్మనాభం ఈ సాక్ష్యాన్ని రాసుకోబోయి, ఆలోచించి, మానుకున్నాడు. అప్పుడు ఆయన చూపు బల్ల మీది రెండో చిన్న గ్లాసు మీద పడింది.

"ఇది ఎవరిది?"

"మా వీరవేణిదండి."

"ఇరువురూ సేవించినచో ఫలితాన్ని పోల్చుటకు ఎవరు మిగులుతారు?"

"ఎవరూ మిగలకూడదనేనండి ఇద్దరం తాగేది."

ఉద్యోగంలో చేరాక అంత అశాస్త్రీయమైన మాట ఆయన వినలేదు. ఆ క్షణం నుంచే వీరవేణిని పోలిక మనిషిగా ప్రకటించాడు. పోలిక మనిషి మందు తాగకూడదు. మందులాగే కనిపించే ఉత్తి నీళ్ళు తాగాలి. ఎవరి గ్లాసులో ఏముందో తాగేవాళ్ళకి తెలియకూడదు. మర్నాడు ఆయన పసుపు రంగు వేసిన నీళ్ళూ, బట్టలారేసే క్లిప్పులూ తెచ్చాడు. వాసన పట్టకుండా క్లిప్పులు ముక్కులకి పెట్టాడు. మూతలున్న గ్లాసులు ఇద్దరి చేతికీ ఇచ్చి, కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు.

ఇద్దరూ తాగడం మొదలుపెట్టారు.

"అక్కా, నాకు చేదు రావట్లేదే" అంది వీరవేణి ముక్కుతో కాక మరెక్కడినుంచో.

"అయ్యో, ఇలా పట్టు" అని మంగతాయారు తన గ్లాసు మూత తీసి, సగం వీరవేణి గ్లాసులోకి వంచేసింది. వెలుతురుకి ఎత్తి చూసి, మరో రెండు బొట్లు సర్దింది కూడా. ఆవిడ కావాలని చేసింది కాదు. అన్నేళ్ళ అలవాటున్న చెయ్యి దానంతటదే చేసేసింది.

అనంతపద్మనాభం కలం కింద పడింది. "వర్గ సంకరం" అన్నాడు, కళ్ళెదుట ఇల్లు కూలినవాడిలా.

తర్వాత వంటిల్లు సోదా చేశారు. పోపుల డబ్బాలో మెంతులు పట్టుబడ్డాయి. సాంబారు పొడిలో ఆనవాళ్ళు దొరికాయి. ఆఖరికి ఆవకాయలోనూ మెంతులు ఉన్నట్టు తేలింది. పోలిక మనిషి గడచిన అన్ని వేసవుల నుంచీ పూటపూటా రహస్యంగా మందు పుచ్చుకుంటున్నట్టు రుజువైంది. జాడీ మూతకి లక్క పోసి మండలి ముద్ర వేశారు. వీరవేణి జీవితంలో ఎన్నో చూసింది గాని, ఆ ముద్ర పడుతుంటే మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది.

"మనిషిని పట్టుకుపోయినా ఇంత బాధుండదక్కా."

"అలా అనకే, పైన తథాస్తు దేవతలుంటారు" అంది మంగతాయారు.

దేవతలు ఉన్నారో లేదో గాని మండలి ఉంది. ఆ వారంలోనే ఉత్తర్వు వచ్చింది. ఒకే కప్పు కింద ప్రయోగం, పోలిక రెండూ ఉండుట శాస్త్రవిరుద్ధము గనుక, వీరవేణి గారిని రాబోవు సోమవారం సామర్లకోటలోని పోలిక వసతికి తరలించడమగును. కాలపరిమితి, ఫలితం తేలువరకు.

"ఏ ఫలితమండీ?" అంది మంగతాయారు.

"మెంతినీళ్ళ వలన తమరు ఆశించేది ఏమిటి?"

"పది కాలాల పాటు చల్లగా ఉందామనేనండి."

"కనుక, తమరిరువురిలో ఎవరు ఎక్కువ కాలం జీవిస్తారో అదే ఫలితం. ఒకరు మిగిలిన వెంటనే మిగిలిన వారిని ఇంటికి పంపించివేస్తారు. తమరు ఆందోళన చెందవలసిన పని లేదు."

మంగతాయారు ముక్కల సంచీ తెచ్చి బోర్లించి వెతికింది. తను కత్తిరించి దాచిన ముక్కలన్నిటిలో దీనికి విరుగుడు లేదు.

పోలిక వసతంటే ఒక మూతబడ్డ కల్యాణమండపం. అక్కడ ఎవరూ ఆరోగ్యం కోసం ఏ పనీ చేయకూడదు. నడకకి వెళ్ళకూడదు. గట్టిగా ఊపిరి పీల్చకూడదు. నవ్వు ఆరోగ్యమని ఎవరో చెప్పినందువల్ల జోకులు చెప్పుకోకూడదు. రుచి కోసమైతే ఏదైనా తినవచ్చు గనుక పొద్దున పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం గుత్తివంకాయ, సాయంత్రం పునుగులు పెట్టేవారు. ఈ సంగతి పొక్కాక అపార్టుమెంటులో చిత్రాలు జరిగాయి. కింది వాటా భ్రమరాంబ, ఏనాడూ ఆకు కూడా నమలనిది, హఠాత్తుగా వేపరసం ప్రయోగం మొదలుపెట్టి మొగుణ్ణి పోలిక మనిషిగా రాయించింది. వ్యాను వచ్చిన రోజున ఆవిడ ఎర్రనీళ్ళతో దిష్టి తీసి మరీ పంపింది. పదవీ విరమణ చేసిన ఆ మొగుడు మర్నాడే ఫోను చేశాడు. తన ఒంట్లో బాగానే ఉందనీ, ప్రయోగాన్ని మధ్యలో ఆపి శాస్త్రానికి ద్రోహం చెయ్యొద్దనీ భార్యని వేడుకున్నాడు.

"చూశావా అక్కా, అక్కడ బాగానే చూసుకుంటారంట. పునుగుల్లోకి అల్లం పచ్చడి కూడా వేస్తారంట" అంది వీరవేణి సంచీలో చీరలు సర్దుకుంటూ. నవ్వించడానికే అంది. మడిచిన చీరనే మళ్ళీ విప్పి మడిచింది.

"ఆ సంచీ దింపు. నేను ఈ నీళ్ళు మానేస్తాను. పెద్దల కాళ్ళు పట్టుకుంటాను."

సోమవారం ఉదయం ఇద్దరూ మండలి కార్యాలయానికి వెళ్ళారు. వ్యాను అప్పటికే వరండా ముందు ఆగి ఉంది. లోపల పొడుగాటి బల్ల వెనక అధ్యక్షుల వారూ, ఆయనకి అటూఇటూ సభ్యులూ ఆసీనులై ఉన్నారు. ఒక సభ్యుడు కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆయన నిద్ర ప్రయోగంలో ఉన్నాడట. దానికి అనుమతి ఉందట. అనంతపద్మనాభం లేచి సంగతంతా విన్నవించాడు. బల్ల ముందు రెండు కుర్చీలు వేయించారు. ఒకటి పరిశోధకురాలికి, ఒకటి పరిశోధితురాలికి. మంగతాయారు దేంట్లో కూర్చోవాలో తెలియక రెండిటి మధ్యా నిలబడింది.

"మానేస్తున్నానండి. ఇంక మెంతి గింజ ముట్టుకోను. మా వీరవేణిని నాకు వదిలెయ్యండి" అంది.

అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు. "ఈ విన్నపము ఏ కుర్చీ నుంచి వస్తున్నది?"

మంగతాయారు చటుక్కున కుడి కుర్చీలో కూర్చుంది.

"అది పరిశోధితురాలిది. మంచిది. ప్రయోగం నుంచి ఏ క్షణమైనా, ఏ కారణమూ చెప్పకుండా, తప్పుకునే సర్వహక్కులూ పరిశోధితులకు కలవు. పరిశోధితురాలిని ఇందుమూలముగా సగౌరవంగా విడుదల చేయడమైనది."

"చల్లగా ఉండండి బాబూ" అని ఆవిడ లేవబోయింది.

"ఆగండి. పరిశోధకురాలి సంగతి వేరు. మొదలుపెట్టిన ప్రయోగాన్ని ఫలితం తేలకుండా వదలి వెళ్ళే హక్కు పరిశోధకులకు లేదు. సమగ్ర నివేదిక సమర్పించు వరకు ఆమె మండలి ఆధీనంలో ఉండవలెను."

"అంటే నన్ను ఉంచేస్తారా?"

"తమరిని కాదు. తమరిని విడుదల చేశాము కదా. ఆమెను."

సభ అంతా ఎడమ కుర్చీ వైపు చూసింది. మంగతాయారు కూడా చూసింది. వెనక నిలబడ్డ వీరవేణి నెమ్మదిగా, "అక్కా, తిక్కరేగి ఏమీ అనెయ్యకు" అంది.

కానీ మంగతాయారుకి తిక్క రేగలేదు. ఎన్నో పొసగని ముక్కల్ని ఒకే సంచీలో దాచుకున్న మనిషి ఆవిడ. ఇలాంటి మాటలు ఆవిడకి అలవాటే.

"ఒక చిన్న సందేహమండి. ఆవిడ మీ దగ్గర ఉన్నంతకాలం ఇంట్లో ప్రయోగం ఎవరు నడిపిస్తారు?"

"పరిశోధకురాలు లేని ప్రయోగము చట్టరీత్యా నిలిచియుండును."

"ప్రయోగం నిలిచిపోతే పోలిక మనిషితో పనేముందండి?"

అధ్యక్షుల వారు అటు చూశారు, ఇటు చూశారు. నిద్రలో ఉన్న సభ్యుడు కళ్ళు తెరవకుండానే, "పని లేదు" అన్నాడు. ఆ రోజు మండలిలో ఎవరూ కాదనలేని మాట అదొక్కటే.

"అయితే ఆవిణ్ణి ఉంచేసుకోండి" అంది మంగతాయారు.

గుమాస్తా వచ్చి ఎడమ కుర్చీ మీద ఆవిడ పేరు రాసిన అట్ట పెట్టాడు. కుర్చీని ఫ్యాను కిందికి జరిపాడు. ఆధీనంలో ఉన్నవారికి గాలి అందించుట మండలి బాధ్యత. ఇద్దరూ గుమ్మం దాకా వచ్చారు. అక్కడ మంగతాయారు ఆగింది. వంటింటి వైపు పరిగెత్తడానికి అక్కడ వంటిల్లు లేదు. తేవడానికి కళ్ళజోడూ లేదు. ఆవిడ వెనక్కి తిరిగి, ఖాళీ కుర్చీ దగ్గరికి వెళ్ళి, దాని చేతి మీద చెయ్యి వేసింది.

"వెళ్ళొస్తానమ్మా. జాగ్రత్త" అంది.

గుండె ఆగిపోతుందేమోనని ఒక క్షణం చూసుకుంది. ఆగలేదు. చేతిలోంచి ఎన్నాళ్ళదో బరువు దిగినట్టనిపించింది. "మళ్ళీ మళ్ళీ వస్తుంటాను. ఒంట్లో బాగుండకపోతే కబురు చెయ్యి" అని కూడా అంది. సాగనంపడం ఇంత తేలికని ఎవరూ ఆవిడకి చెప్పలేదు. మరో రెండు మాటలు అందామనుకుంటుంటే వీరవేణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

మెట్లు దిగుతూ ఇద్దరికీ నవ్వు మొదలైంది. వ్యాను పక్కనుంచి వెళ్తున్నప్పుడు డ్రైవరు, "ఎక్కేవారు ఎవరండి?" అని అడిగితే సమాధానం చెప్పలేక వీరవేణి సంచీ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆటోలో కూర్చున్నాక మాత్రం మంగతాయారు మొహంలో పాత బెంగ తొంగిచూసింది.

"దానికి దాహమేస్తే ఎలాగే?"

"ఎవరికక్కా?"

"కుర్చీలో దానికి."

"నీకు వేసినప్పుడు నువ్వు తాగు. దానికి తీరిపోద్ది."

జాడీ మూత మీది లక్కని వీరవేణి ఆ మధ్యాహ్నమే చెంచాతో పగలగొట్టింది. ప్రయోగం నిలిచిపోయింది గనుక ఆవకాయ మళ్ళీ ఆవకాయైంది. కొన్నాళ్ళకి అనంతపద్మనాభం మామూలు తనిఖీకి వచ్చేసరికి బల్ల మీద పెద్ద గ్లాసు, పక్కన రెండు చిన్న గ్లాసులు కనిపించాయి.

"ఇవి మెంతినీళ్ళు కావా?" అన్నాడు.

"అవునండి."

"రుచి కొరకా, ఆరోగ్యము కొరకా?"

"ఎందుకు తాగుతున్నామో చెప్పవలసిన ఆవిడ మీ దగ్గరే ఉందండి. ఆవిణ్ణే అడగండి" అంది మంగతాయారు.

ఆయన నిజంగానే అడిగాడో ఏమో, మండలి నుంచి ఒక కవరు వచ్చింది. తమరి పరిశోధకురాలు క్షేమము. బరువులో మార్పు లేదు. రక్తపోటు నమోదు కాలేదు. నివేదిక విషయమై మౌనం వహించుచున్నారు. ఇప్పటివరకు మండలి పరిధిలోని దేహములన్నిటిలోనూ అస్వస్థతకు గురికానిది వీరొక్కరే గనుక, వీరి దినచర్యను ఆదర్శముగా ప్రచురించుటకు నిర్ణయించడమైనది.

"ఏం చేస్తుందట అది రోజంతా?" అంది వీరవేణి.

"కూర్చుంటుందట."

"అదృష్టవంతురాలు."

మంగతాయారు కవరు పక్కన పెట్టి, పెద్ద గ్లాసు అందుకుంది. ఏదో గుర్తొచ్చి అలమారలోంచి మూడో చిన్న గ్లాసు తీసింది. ఆ గ్లాసుని కాసేపు చేతిలో తిప్పి, మంగతాయారు దాన్ని మళ్ళీ అలమారలోనే బోర్లించింది. మిగిలిన రెండిట్లోకీ వంచి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, ఒక బొట్టు అటు, ఒక బొట్టు ఇటు సర్దింది.

ఇద్దరూ ఒక్క గుక్కలో తాగేశారు. ఇద్దరి మొహాలూ ఒకేసారి వంకరపోయాయి.